కాలు గాల్లోకి లేస్తే తప్పా? ఫాస్ట్‌పిచ్ పిచింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్ గురించి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ భాగం పిచర్ (బంతి వేసే ఆటగాళ్లు) కాళ్ల గురించే. లీప్, క్రో హాప్, డ్రాగ్ అనే మూడు మాటలూ కలిసిపోయి చాలామంది తల్లిదండ్రులు గందరగోళపడుతున్నారు, పిల్లలు టెన్షన్ పడుతున్నారు. అందుకే ఆ ప్రశ్నలనే ముందు తీసుకున్నాను.

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. మా అమ్మాయి హైస్కూల్ టీమ్‌లో పిచర్. 2023 సీజన్‌లో అంపైర్లు "లీప్ చేస్తోంది" అని మళ్లీ మళ్లీ ఇల్లీగల్ పిచ్ (రూల్ తప్పి వేసిన బంతి) ఇచ్చారు, ఒక మ్యాచ్‌లో అయితే పిచర్ నిలబడే సర్కిల్లోనే ఏడ్చేసింది. మరుసటి ఏడాది అదే అమ్మాయి, అదే వేయడం, ఎవరూ ఏమీ అనలేదు. మేం ఏదీ మార్చలేదండీ. ఏం జరిగింది?

జవాబు: మీ అమ్మాయి మారలేదు, రూల్ మారింది. 2024 సీజన్ నుంచి అమెరికా హైస్కూల్ రూల్స్‌లో పిచర్ పివట్ ఫుట్ (కుడిచేత్తో వేసేవాళ్లకు కుడికాలు) నేల నుంచి లేవవచ్చు. అంటే ముందుకు దూకేటప్పుడు రెండు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉన్నా అది తప్పు కాదు. కాలేజీ ఆటలో కూడా 2024 సీజన్ నుంచే ఈ వెసులుబాటు ఇచ్చారు. అంతకుముందు ఈ రెండు చోట్లా పివట్ ఫుట్ నేలను రాసుకుంటూ రావాల్సిందే, దాన్నే డ్రాగ్ అంటారు. కాలి బొటనవేలికీ నేలకీ మధ్య రెండు అంగుళాల సందు కనబడినా అంపైర్ చెయ్యి చాపేవాడు. అంతర్జాతీయ పోటీల్లో, ముఖ్యంగా పురుషుల ఆటలో, లీప్ చాలా ఏళ్లుగా చెల్లుతూనే ఉంది. మగవాళ్ల ఫాస్ట్‌పిచ్ ఒక్కసారి చూడండి, పిచింగ్ ప్లేట్ (పిచర్ కాలు ఆనించి మొదలుపెట్టే పలక) నుంచి ఎగిరి దూకి వేసేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు.

ఇక్కడ ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి. లీప్‌కి అనుమతి వచ్చింది గానీ, క్రో హాప్‌కి రాలేదు. క్రో హాప్ అంటే ప్లేట్ నుంచి కాస్త ముందుకు గెంతి, అక్కడ పివట్ ఫుట్‌ని మళ్లీ నేలమీద ఆనించి, ఆ కొత్త చోటు నుంచి రెండోసారి నేలను తన్ని బంతి వేయడం. ప్లేట్ దగ్గర ఒక తన్ను, ప్లేటుకి ముందు ఇంకో తన్ను. ఆ రెండో తన్ను ఉంటేనే తప్పు. గాల్లోకి లేవడం వేరు, రెండో తన్ను వేరు. ఇన్నేళ్లూ ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి తిట్టడం వల్లే పిల్లలు నలిగిపోయారని నా అభిప్రాయం.

ఎందుకు మార్చారంటారా, లీప్ వల్ల పిచర్‌కి పెద్దగా లాభం లేదు. ఒకసారి గాల్లోకి లేచాక ఇక నేలను తన్నేది ఏమీ ఉండదు కాబట్టి వేగం అదనంగా పెరగదు. పైగా క్షణంలో జరిగిపోయే ఆ ఎత్తుని మామూలు కంటితో చూసి తేల్చడం అంపైర్‌కి చాలా కష్టం. ఒక అంపైర్ పట్టుకుంటే ఇంకో అంపైర్ వదిలేసేవాడు, ఒకే అమ్మాయికి ఆదివారం పొద్దున తప్పయింది మధ్యాహ్నం ఒప్పయ్యేది. క్రో హాప్ అలా కాదు, దానిలో నిజంగా లాభం ఉంది. హైస్కూల్లోనూ కాలేజీలోనూ పిచింగ్ దూరం 43 అడుగులు. గంటకు 60 మైళ్ల బంతి సెకనుకు 88 అడుగులు వెళ్తుంది. పిచర్ రెండు మూడు అడుగులు ముందు నుంచి మళ్లీ తన్ని వేస్తే బ్యాటర్‌కి సెకనులో నూటికి మూడు వంతుల దాకా సమయం తగ్గిపోతుంది. చూడ్డానికి చిన్నదే, కానీ అసలు ఉన్నదే అర సెకను కంటే తక్కువ.

మీ అమ్మాయి వేసవిలో క్లబ్ టోర్నమెంట్లు ఆడుతుంటే మాత్రం ఒక జాగ్రత్త. ఏ టోర్నమెంట్ ఏ సంస్థ రూల్ బుక్ ప్రకారం నడుస్తోందో ముందే కోచ్‌ని అడిగి కనుక్కోండి. స్కూల్లో చెల్లింది అక్కడ కూడా చెల్లుతుందని అనుకుని వెళ్లకండి.

ప్రశ్న: లీప్‌కీ క్రో హాప్‌కీ తేడా మాటల్లో అర్థమైంది గానీ, మా పాప వీడియో చూస్తే నాకేమీ తెలియడం లేదు. నేను సాఫ్ట్‌బాల్ ఆడినవాడిని కాదు, క్రికెట్ మాత్రమే తెలుసు. ఎక్కడ చూడాలి?

జవాబు: మంచి ప్రశ్న వేశారు సర్. క్రికెట్‌లో నో బాల్ చూసినట్టు కాలు ఎక్కడ పడిందో మాత్రమే చూస్తే ఇక్కడ దొరకదు. కాలినీ చేతినీ కలిపి చూడాలి.

ముందు వీడియో సరిగ్గా తీయండి. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, పాప కుడిచేతి పిచర్ అయితే మూడో బేస్ వైపు నుంచి, పక్కగా, ఫోన్‌ని నడుం ఎత్తు కంటే కింద పెట్టి తీయండి. క్యాచర్ వెనక నుంచి తీసిన వీడియో దీనికి పనికిరాదు.

ఇప్పుడు ఒక్కో ఫ్రేమే జరుపుతూ, పివట్ ఫుట్ ప్లేట్ నుంచి విడిపోయాక మళ్లీ నేలను తాకే క్షణం దగ్గర ఆపండి. అప్పుడు ముందు కాలు ఎక్కడుంది? చెయ్యి ఎక్కడుంది? సరైన పిచ్‌లో చెయ్యి తలపైకి వచ్చి వెనక్కి దిగడం మొదలెట్టే సమయానికి ముందు కాలు నేలమీద పడుతుంది, వెనక కాలు బరువు లేకుండా దాని వెనకే వస్తుంది. లీప్ చేసినా అంతే, రెండు కాళ్లూ గాల్లో ఉండి, ముందు కాలు గట్టిగా నిలబడుతుంది, వెనక కాలు ఊరికే నేలను తాకి జారుతుంది. క్రో హాప్‌లో చిత్రం పూర్తిగా వేరు. ముందు కాలు ఇంకా గాల్లోనే ఉంటుంది, పివట్ ఫుట్ మాత్రం ప్లేటుకి ముందు నేలమీద ఆనుతుంది, ఆ మోకాలు వంగి ఒళ్లు బరువంతా దానిమీద ఉంటుంది, చెయ్యి తరచుగా ఇంకా ముందువైపే, పైకి లేస్తూ ఉంటుంది. తర్వాత ఫ్రేముల్లో ఆ మోకాలు నిటారై ఒళ్లు మళ్లీ ముందుకు దూసుకెళ్తుంది. ఆ మోకాలు వంగి నిటారైందా, లేదా అన్నదే మీరు వెతకాల్సింది. ఆనిన ప్రతి కాలూ తన్నిన కాలు కాదు.

ఇంకో గుర్తు మట్టిలో ఉంటుంది. డ్రాగ్ చేసే పిచర్ వెనక ప్లేట్ నుంచి ఒక గీత ఉంటుంది, లీప్ చేసేవాళ్లకి మధ్యలో గీత తెగిపోయి మళ్లీ మొదలవుతుంది, క్రో హాప్ వేసేవాళ్లకి ప్లేటుకి ముందు ఒకే చోట గుంట పడుతుంది. కొన్ని ఇన్నింగ్స్ అయ్యాక ఆ గుంట దూరం నుంచి కూడా కనబడుతుంది. మీ పాప సర్కిల్లో అలాంటి గుంట కనిపిస్తే, అంపైర్ ఇంకా పిలవకపోయినా, ఇప్పుడే సరిచేయించండి.

సరిచేయడం ఎలాగంటే, కాలిని "కింద పెట్టు, కింద పెట్టు" అని అరవడం వల్ల లాభం లేదు, ఎందుకంటే జబ్బు కాల్లో ఉండదు. చాలామంది పిల్లలు ముందుకి కాకుండా పైకి తన్నుతారు. పైకి లేచిన ఒళ్లు కిందకి దిగాలి కదా, దిగేటప్పుడు వెనక కాలు ఆసరా వెతుక్కుంటుంది, అదే క్రో హాప్ అవుతుంది. ఇంకొందరికి చెయ్యి ఆలస్యంగా మొదలవుతుంది, కాళ్లు ముందు వెళ్లిపోతాయి, చెయ్యి అందుకునే దాకా ఆగడానికి ఒక అడుగు కావాలి. ప్లేట్ నుంచి తన్నే క్షణంలోనే చెయ్యి కూడా ముందుకి లేవాలి. బంతి లేకుండా, చెయ్యీ కాలూ కలిపి ప్లేట్ నుంచి ముందుకి దూసుకెళ్లే అభ్యాసం రోజూ కాసేపు చేయించండి, తల ఎత్తు మారకుండా ఉండాలని ఒక్కటే చెప్పండి. నేను నేర్పిన పిల్లల్లో ఈ ఒక్క మాట పనిచేసినంతగా ఇంకేదీ పనిచేయలేదు.

ప్రశ్న: ఇల్లీగల్ పిచ్ ఇస్తే రన్నర్లందరూ ఒక్కో బేస్ ముందుకి వెళ్తారు కదా? మొన్న మ్యాచ్‌లో వెళ్లనివ్వలేదు.

జవాబు: పాత రూల్ అదే, బ్యాటర్‌కి ఒక "బాల్" (బ్యాటర్‌కి అనుకూలంగా లెక్కపెట్టే చెడ్డ బంతి), రన్నర్లకి ఒక్కో బేస్. ఇప్పుడు అమెరికా హైస్కూల్ ఆటలో బ్యాటర్‌కి బాల్ మాత్రమే ఇస్తారు, రన్నర్లు ఉన్నచోటే ఉంటారు. అంపైర్ చెయ్యి పక్కకి చాపి పిలిచినా ఆట ఆగదు. బ్యాటర్ ఆ బంతిని కొట్టి మొదటి బేస్ క్షేమంగా చేరి, రన్నర్లందరూ కనీసం ఒక్కో బేస్ ముందుకి వెళ్తే ఆ తప్పుని వదిలేస్తారు. అలా జరగకపోతే ఆట ఫలితం కావాలా, ఇల్లీగల్ పిచ్ శిక్ష కావాలా అన్నది బ్యాటింగ్ టీమ్ కోచ్ ఎంచుకుంటారు. కాబట్టి ఆ పిలుపు విని బ్యాట్ దించేయవద్దని మీ పిల్లలకి చెప్పండి, కొట్టాల్సిందే.

ప్రశ్న: నాకు 13 ఏళ్లు అక్కా. ఒక కోచ్ బంతి వదిలాక మోచెయ్యి పైకి, భుజం దాకా తీసుకురమ్మంటారు. ఇంకొకరు అది తప్పు, చెయ్యి ఒంటికి రాసుకుని సహజంగా ఆగాలి అంటారు. ఏడాదిగా స్పీడ్ పెరగడం లేదు. ఎవరి మాట వినాలి?

జవాబు: చెల్లీ, రెండో కోచ్ మాట విను. ఎందుకో చెప్తాను, నచ్చకపోతే వీడియోలు చూసి నువ్వే తేల్చుకో.

మోచెయ్యి పైకి తీసుకురమ్మనే పద్ధతిలో పిల్లలు చేతిని వెనక నుంచి దించేటప్పుడే అరచేతిని కిందకి తిప్పేసి బంతిని ముందుకు తోస్తారు. తోసే చేతిలో వేగం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది. కొరడాలో అలా కాదు, పిడి పట్టుకున్న చెయ్యి ఆగితేనే కొస విసురుగా వెళ్తుంది. విండ్‌మిల్ చెయ్యి (గాలిమరలా చుట్టు తిరిగి వేసే చెయ్యి) కూడా కొరడాయే. భుజం దగ్గర మొదలైన వేగం మోచేతికి, అక్కడ నుంచి మణికట్టుకి, అక్కడ నుంచి వేళ్లకి పోవాలంటే దారిలో ఒక్కొక్కటీ తగ్గుతూ రావాలి. ఒళ్లే ఆ పని చేస్తుంది. బంతి వదిలే ముందు ముంజేతి లోపలి భాగం తుంటికి రాసుకుంటుంది, దాంతో పైచెయ్యి ఒక్క క్షణం మందగిస్తుంది, ముంజెయ్యి ఆగకుండా విసురుగా లోపలికి తిరుగుతూ ముందుకి వెళ్తుంది. మంచి పిచర్లకి ముంజేతి లోపల ఎర్రగా కందిపోయి ఉండటం చూసే ఉంటావు.

నువ్వు చూసుకోవాల్సింది ఒక్కటే. చెయ్యి తలపై నుంచి వెనక్కి దిగి భుజం ఎత్తులో ఉన్నప్పుడు అరచెయ్యి ఎటు చూస్తోంది? ఆకాశం వైపు చూస్తూ, మోచెయ్యి కొంచెం వంగి, చిటికెన వేలు వైపు ముందుగా దిగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. అరచెయ్యి నేలవైపో సెకండ్ బేస్ వైపో చూస్తుంటే తోస్తున్నావన్నమాట. మోచెయ్యి చివర్లో ఎక్కడ ఆగుతుందన్నది పట్టించుకోకు, మొదలు సరిగ్గా ఉంటే చివర దానంతటదే వస్తుంది.

ఇంకొకటి, ముందు కాలు. వేగం అంతా చేతిలోనే ఉందనుకుని చాలామంది ముందు కాలిని మెత్తగా వంచేసి ముందుకి వాలిపోతారు. పరుగెత్తే బండికి సడన్ బ్రేక్ వేస్తే లోపలున్నది ముందుకి ఎగిరిపడుతుంది కదా, ముందు కాలు ఆ బ్రేక్. అది కాస్త ఏటవాలుగా పడి, గట్టిగా నిలబడి, ఒళ్లు నిటారుగా లేదా కొంచెం వెనక్కి ఉంటే ఆ ఆపిన వేగమంతా చేతికి పోతుంది. నడుం ఒంచి బంతి వెనక వాలిపోతే ఎక్కడికీ పోదు. నీకు స్పీడ్ పెరగకపోవడానికి ఈ రెండింట్లో ఒకటి కారణమై ఉంటుంది, ముందు అరచెయ్యి చూసుకో.

ప్రశ్న: కింద నుంచి వేసేది కాబట్టి చేతికి ఏమీ కాదు, ఎన్ని బంతులైనా వేయొచ్చు అంటారు మా టీమ్ వాళ్లు. మా అమ్మాయి వారాంతంలో నాలుగు మ్యాచ్‌లు వేస్తుంది. నిజమేనా మేడమ్?

జవాబు: నిజం కాదమ్మా. ఈ మాట ఇంకా వినబడటం నాకు చాలా బాధగా ఉంటుంది. విండ్‌మిల్ పిచ్‌లో చెయ్యి నిండుగా చుట్టు తిరిగి, ఒక్కసారిగా ఆగుతుంది, ఆ లాగుడంతా భుజం ముందువైపు, బైసెప్స్ కండర మీద పడుతుంది. పైనుంచి విసిరేటప్పటి కంటే విండ్‌మిల్ పిచ్‌లో బైసెప్స్ ఎక్కువ పని చేస్తుందని పరిశోధకులు కొలిచి చూపించారు. అందుకే సాఫ్ట్‌బాల్ పిచర్లకి నొప్పి ఎక్కువగా భుజం ముందు భాగంలో మొదలవుతుంది.

జపాన్ పిచర్ యుకికో ఉయెనో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లు, 413 బంతులు వేసి అమెరికాని 3-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. నేను ఆమెని ఎంతో గౌరవిస్తాను. కానీ ఆ 413ని పిల్లలకి ఉదాహరణగా చెప్పే కోచ్‌లని మాత్రం ఒప్పుకోను. ఆమె అప్పటికి 26 ఏళ్ల పూర్తి స్థాయి క్రీడాకారిణి, అది ఒలింపిక్ ఫైనల్. మీ అమ్మాయిది వారం వారం జరిగే ఆట, ఎముకలు ఇంకా పెరుగుతున్న వయసు.

బంతులు లెక్కపెట్టండి, వార్మప్‌లో వేసినవి కూడా కలిపి. వరుసగా మూడో రోజు వేయనివ్వకండి. అలసట మొదట కాళ్లలో కనబడుతుంది: స్ట్రైడ్ (వేసే అడుగు) చిన్నదవుతుంది, వెనక కాలు ఈడ్చుకుపోతుంది, ఒళ్లు ముందుకి వాలుతుంది, ఆపైన బంతిని చేత్తోనే విసరాల్సి వస్తుంది. ఆ క్షణం చూసినవాళ్లు పిచర్‌ని మార్చమని కోచ్‌కి చెప్పొచ్చు, చెప్పాలి కూడా. నొప్పి మర్నాటికీ తగ్గకపోతే ఐస్ పెట్టి మళ్లీ సర్కిల్లోకి పంపకుండా డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: రైజ్ బాల్ నిజంగా పైకి లేస్తుందా? మా ఇంట్లో దీని మీద రోజూ గొడవ.

జవాబు: బ్యాటర్ కంటికి లేస్తున్నట్టు అనిపిస్తుంది, కానీ బంతి దారి పైకి వంగదు. పిచర్ తుంటి ఎత్తులో వదులుతుంది కాబట్టి బంతి మొదటి నుంచే పైకి ఏటవాలుగా బయలుదేరుతుంది. వెనక్కి తిరిగే స్పిన్ గాలిలో దాన్ని కొంత ఎత్తి పట్టుకుంటుంది, అందువల్ల పడాల్సినంత కిందకి పడదు. బ్యాటర్ మెదడు మామూలు బంతి ఇక్కడికి దిగుతుందని లెక్కవేసి బ్యాట్ తిప్పుతుంది, బంతి దానికి పైనుంచి వెళ్లిపోతుంది. 70 మైళ్ల బంతి 43 అడుగులు రావడానికి 0.42 సెకను పడుతుంది, చేతిలోంచి వదిలే చోటు ముందుకి ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. అమెరికా పిచర్ మోనికా అబాట్ 2012లో 77 మైళ్లు వేసింది. అంత వేగంలో లెక్క సరిచూసుకునే టైమ్ ఎవరికీ ఉండదు. ఇంట్లో ఇద్దరూ గెలిచినట్టే అనుకోండి.

ప్రశ్న: లీప్ సంగతి సరే, మా అమ్మాయికి ఇంకా ఇల్లీగల్ పిచ్‌లు పడుతూనే ఉన్నాయి. ఇంకేం చూస్తారు?

జవాబు: ఎక్కువగా రెండు. మొదటిది అడుగు పక్కకి పడటం. పిచింగ్ ప్లేట్ వెడల్పు 24 అంగుళాలు, వేసే అడుగు ఆ వెడల్పు లోపలే, ముందుకే పడాలి. కర్వ్, స్క్రూ బాల్ వేసే పిల్లలు బంతిని తిప్పడానికి ఒళ్లు పక్కకి తీసుకెళ్లి ఈ గీత దాటేస్తారు. సాధన చేసే చోట సున్నంతో రెండు గీతలు గీయండి, రెండు వారాల్లో సర్దుకుంటుంది. రెండోది చేతులు కలిపి ఆగకపోవడం. చేతులు విడిగా ఉంచి ప్లేట్ ఎక్కాలి, సిగ్నల్ తీసుకోవాలి, చేతులు కలిపి కనీసం ఒక సెకను ఆగాలి, 10 సెకన్లు దాటకూడదు. కంగారులో ఉన్న పిల్లలు ఆ ఒక్క సెకనూ ఆగరు. చేతులు కలిపాక ఒక ఊపిరి పీల్చి వదలమని చెప్పండి, ఆ సెకను అందులోనే గడిచిపోతుంది.